నెట్ పోయినా నీలం చుక్క కదిలింది: మన ఫోన్‌లో ఏది మనది, ఏది బయటిది?

వీడియో చూసే టైమ్ లేనివాళ్ల కోసం, బస్సులో సౌండ్ పెట్టుకోలేనివాళ్ల కోసం ఈ ఎపిసోడ్‌ని రాతలో కూడా పెడుతున్నాను. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాను, కాబట్టి అక్కడక్కడా మన గోదావరి యాస తగులుతుంది. సర్దుకుపోండి.

ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాయి, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత మన జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఒకటి రెండు రోజులు కాదు, చాలా రోజులు. నేను అప్పట్లో ఇంటి దగ్గర నుంచే ఆఫీసు పని చేసుకునేవాణ్ణి. ఏం చేస్తాం? పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, బండి తీసి, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి గోదావరికి అవతల కూర్చునేవాణ్ణి. నాలాంటివాళ్లు చాలామందే కనబడేవారు.

అలా వెళ్తూ ఒకరోజు దారిలో ఆగి మ్యాప్ తెరిచాను. అలవాటు కదా! రోడ్లు లేవు, ఊళ్లు లేవు, స్క్రీనంతా బూడిద రంగు గళ్ల కాగితంలా ఉంది. కానీ మధ్యలో ఆ నీలం చుక్క మాత్రం ఉంది. నాలుగడుగులు నడిచి చూశాను. చుక్క కూడా కదిలింది!

నాకు అప్పుడు తట్టింది. నెట్ లేకపోతే నేనెక్కడున్నానో ఫోన్‌కి ఎలా తెలిసింది? తెలిసినప్పుడు, మరి రోడ్డు ఎందుకు చూపించలేకపోతోంది? ఈ రెండు ప్రశ్నలకి జవాబు దొరికితే, ఇవాళ మీ ఫోన్‌లో ఉన్న సగం యాప్‌లు ఎలా పనిచేస్తాయో మీకు అర్థమైపోయినట్టే. ఇంకోటి కూడా అర్థమవుతుంది. మన దగ్గరి నుంచి ఏం బయటికి వెళ్తోందో, ఎక్కడ తలుపు వేసుకోవాలో.

రెండు సగాలు

ఫోన్‌ని ఒక్క వస్తువు అనుకోకండి. రెండు సగాలు అనుకోండి.

మొదటి సగం, ఫోన్ తనంతట తాను తెలుసుకునేది. జీపీఎస్ ఉంది కదా, అది మీకు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను వింటుంది. వింటుంది అంతే, తిరిగి ఏమీ పంపదు. కనీసం నాలుగు ఉపగ్రహాలు వినబడితే తానెక్కడున్నదీ లెక్క కట్టుకుంటుంది. రేడియోలో పాట వినడానికి మనం స్టేషన్‌కి ఫోన్ చెయ్యక్కర్లేదు కదా, అలాగే. అందుకే ఆ రోజు నెట్ లేకపోయినా చుక్క కదిలింది. కాకపోతే నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ముందే తెలుస్తుంది కాబట్టి చుక్క చప్పున దొరుకుతుంది. లేకపోతే కొంచెంసేపు ఆరుబయట నిలబడాలి. దట్టమైన కొబ్బరితోటలో నిలబడితే ఇంకా ఆలస్యం, చుక్క అటూ ఇటూ ఊగుతుంది కూడా. ఆకాశం బాగా కనబడాలి దానికి.

జీపీఎస్ ఒక్కటే కాదు. ఫోన్ ఊగితే పసిగట్టే యాక్సిలరోమీటర్, దిక్కు చెప్పే కంపాస్, కెమెరా, మైకు, పక్కనున్న ఫోన్లని పసిగట్టే బ్లూటూత్, వీటికి తోడు మీ కాంటాక్టులు, మీ ఫొటోలు. ఇదంతా మన సగం. మన బతుకు నుంచి వచ్చే సమాచారం.

రెండో సగం, ఎక్కడో కంప్యూటర్లలో ఉండే సర్వీసులు. మ్యాప్ బొమ్మలు, వాతావరణం, వరద అంచనా, డబ్బు చెల్లింపు, బస్సు టికెట్లు. ఇవి ఫోన్‌లో ఉండవు. అడిగితే వస్తాయి. నెట్ ఆగిపోయిన రోజు మనకి పోయింది ఈ సగం.

మరి ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి? దాన్ని ఏపీఐ అంటారు. పేరు చూసి భయపడకండి. మన భాషలో చెప్పాలంటే అదొక రేవు. కోటిపల్లి రేవు నుంచి ముక్తేశ్వరం రేవుకి పంటి మీద వెళ్తాం కదా. రేవు దగ్గర కొన్ని పద్ధతులుంటాయి. టికెట్ ఉండాలి, బండి ఇలా ఎక్కించాలి, ఇంత బరువే ఎక్కించాలి. అవతలి ఒడ్డున ఊరంతా తిరిగే పని మనకి లేదు, రేవు దగ్గర దిగితే చాలు. యాప్ కూడా అంతే. "అక్షాంశం ఇంత, రేఖాంశం ఇంత, ఇక్కడ వాన పడుతుందా?" అని ఒక పద్ధతిలో రేవు దగ్గర అడుగుతుంది. అవతలి నుంచి జవాబు పంటి ఎక్కి వస్తుంది.

ఇలా ఒక సర్వీసుని ఇంకోదానితో కలిపి కొత్తది తయారు చెయ్యడం నిన్న మొన్న పుట్టింది కాదు. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చింది. అదే ఏడాది పాల్ రాడెమాకర్ అనే ఆయన క్రెయిగ్స్‌లిస్ట్‌లో ఉన్న అద్దె ఇళ్ల ప్రకటనలు తీసుకుని మ్యాప్ మీద గుచ్చాడు. హౌసింగ్‌మ్యాప్స్ అని పేరు. ఇళ్ల లిస్టూ ఆయనది కాదు, మ్యాపూ ఆయనది కాదు. కలిపింది మాత్రం ఆయన. ఆ రోజుల్లో దీన్ని మ్యాషప్ అనేవారు. ఇవాళ మీరు భోజనం ఆర్డర్ చేసినప్పుడు బండి ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నారంటే, అది కూడా ఆ వంశమే. తేడా ఒక్కటే, ఇప్పుడు అందులో మనం కూడా ఒక సరుకు.

మనమే సమాచారం

అదేంటో చెప్తాను. మ్యాప్‌లో రోడ్డు ఎర్రగా కనబడితే ట్రాఫిక్ అంటాం కదా. ఆ ఎరుపు ఎవరు వేశారు? చాలామట్టుకు మనమే. రోడ్డు మీద వెళ్తున్న ఫోన్లు ఎంత వేగంగా కదులుతున్నాయో చూసి, అన్నీ మెల్లగా పోతుంటే అక్కడ జామ్ అయిందని లెక్క వేస్తారు.

ఇది ఎంత నిజమో 2020లో బెర్లిన్‌లో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు చేసి చూపించాడు. 99 పాత స్మార్ట్‌ఫోన్లు ఒక చిన్న ఎర్ర తోపుడు బండిలో వేసుకుని ఖాళీ రోడ్డు మీద మెల్లగా లాక్కెళ్లాడు. మ్యాప్‌లో ఆ రోడ్డు ఎర్రబడింది! వెనక ఒక్క కారు కూడా లేదు.

మన దగ్గర ఆలోచించండి. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చేలకి అడ్డంపడి, కాలువలో దిగి ప్రభలు మోసుకొస్తారు. వేలమంది జనం, అందరి జేబులోనూ ఫోను. ఆ జనం నడుస్తున్నారా, బండ్ల మీద ఇరుక్కుపోయారా, పంటి మీద గోదావరి దాటుతున్నారా అన్నది ఫోన్‌కి మన అంత బాగా తెలియదు. దానికి అంకెలే తెలుసు. అందుకే నేనొకటి గుర్తుపెట్టుకుంటాను. యాప్ చెప్పేది లెక్క, చూసొచ్చింది కాదు. లెక్కకి మంచి సమాచారం అందితే మంచి జవాబు వస్తుంది, అందకపోతే ధైర్యంగా తప్పు చెప్తుంది.

ఇంకో ఉదాహరణ. చాకలిపాలెం దగ్గర కనకాయలంకకి వెళ్లే కాజ్‌వే ఉంది. వేసవిలో మామూలు దారి. గోదావరి పొంగితే ముందు మునిగేవాటిలో అదొకటి. ఉపగ్రహం ఫొటోలో అది రోడ్డే. మ్యాప్‌కి అది ఎప్పుడూ రోడ్డే. ఇవాళ దాని మీద నీళ్లెంత లోతున్నాయో చెప్పాలంటే అక్కడ నిలబడ్డ మనిషి చెప్పాలి. లేకపోతే నది నీటిమట్టం లెక్క ఆ మ్యాప్‌కి అందాలి. రెండు సగాలు కలవడం అంటే నా దృష్టిలో అసలు పని ఇదండీ. భోజనం ఆర్డర్ తర్వాత.

వరద వచ్చినప్పుడు

మన కోనసీమ ఎలా ఉంటుందో బయటివాళ్లకి చెప్తాను. ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. మధ్యలో లంకలు. 1996 నవంబరు 6న తుఫాను వచ్చినప్పుడు వెయ్యి మందికి పైగా చనిపోయారు. మా ఇంట్లో పెద్దవాళ్లు ఆ రాత్రి గురించి ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. అప్పుడు చేతిలో ఫోన్ లేదు, గాలి ఏ గంటకి ఎంత పెరుగుతుందో ఊరికి చెప్పే దారే సరిగ్గా లేదు.

2022 జులైకి రండి. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకి పైగా సముద్రంలోకి వదిలారు. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలు మన పిల్లలందరికీ ఎక్కాల్లా రావాలంటాను నేను. భద్రాచలంలో పెరిగిన నీళ్లు మన దగ్గరికి రావడానికి కొంత టైమ్ పడుతుంది. ఆ టైమే మన ఆస్తి. పైన కొలిచిన అంకె, కింద ఉన్న లంకలో ఫోన్‌కి అందితే సామాన్లు సర్దుకోవచ్చు, గేదెల్ని గట్టు ఎక్కించొచ్చు, ముసలివాళ్లని ముందే దాటించొచ్చు. గూగుల్ కూడా 2018లో పట్నా దగ్గర వరద హెచ్చరికలు మొదలుపెట్టి, కేంద్ర జలసంఘం కొలతలు వాడుకుంటూ తర్వాత దేశంలో మిగతా నదులకి పెంచింది. నది కొలత, నేల ఎత్తుపల్లాలు, మీరున్న చోటు, ఈ మూడూ కలిస్తేనే "మీ దగ్గరికి నీళ్లు రావచ్చు" అన్న మాట పుడుతుంది.

ఆ జులైలో మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా బావ వాళ్లది లంక. చుట్టూ నీళ్లు చేరాయి, పడవ కావాలి. బావ చాట్ యాప్‌లో నాకు లొకేషన్ పంపాడు. నేను దాన్ని పడవ తిప్పుతున్న కుర్రాళ్లకి పంపాను. వాళ్లు వెళ్లారు, అక్కడ మనిషి లేడు! ఏమైందంటే, కంగారులో బావ తను ఉన్నచోటు బదులు లిస్టులో కింద కనబడిన గుడి పేరు మీద నొక్కాడు. ఆ గుడి రేవుకి అవతల ఉంది. పాపం, ఇంకోసారి పంపుదామంటే నెట్ లాగట్లేదు. ఫోన్ మాత్రం ఒక గీత సిగ్నల్‌తో పనిచేస్తోంది.

అప్పుడు నాకు ఆ నీలం చుక్క గుర్తొచ్చింది. "బావా, మ్యాప్ తెరు, నీలం చుక్క మీద వేలు నొక్కిపెట్టు, పైన అంకెలు వస్తాయి, అవి చదువు" అన్నాను. నెమ్మదిగా చదివాడు, రాసుకున్నాను, మామూలు ఎస్సెమ్మెస్‌లో పడవ కుర్రాళ్లకి పంపాను. అందులో ఒకడి ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి ఉంది. అరగంటలో బావ వాళ్ళు గట్టెక్కారు. అత్త ఇప్పటికీ "ఆ అంకెల పిల్లోడు" అంటుంది నన్ను.

ఆ అంకెల సంగతి కొంచెం చెప్తాను, పనికొస్తుంది. అమలాపురం సుమారుగా 16.58 అక్షాంశం, 82.01 రేఖాంశం. చుక్క తర్వాత రెండు అంకెలే చెప్తే దాదాపు కిలోమీటరు తేడా రావచ్చు. మూడు చెప్తే సుమారు 110 మీటర్లు. నాలుగు చెప్తే 11 మీటర్లు, అంటే ఇల్లు దొరికినట్టే. అందుకే ఎప్పుడు చెప్పినా నాలుగు అంకెలు తక్కువ కాకుండా చెప్పండి. ముందు 16 మొదలయ్యేది, తర్వాత 82 మొదలయ్యేది. తిరగేస్తే మీరు ఇంకెక్కడో తేలతారు.

చేదు కూడా చెప్పాలి

ఇంతవరకూ మంచి చెప్పాను. ఇదే కలపడం ఎలా కాటేస్తుందో కూడా చెప్పాలి.

మా ఫ్రెండ్ ఒకడు, కాలేజీ ఫీజుకి తక్కువపడి ఒక లోన్ యాప్‌లో చిన్న మొత్తం తీసుకున్నాడు. యాప్ పేరు చెప్పను. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్టులు, ఫొటోలు, లొకేషన్ అన్నీ అడిగింది. ఇవ్వకపోతే ముందుకి వెళ్లదు, ఇచ్చేశాడు. వాయిదా మూడు రోజులు ఆలస్యమైంది. వాళ్ల అమ్మగారికి, మేష్టారికి, చివరికి పాలాయనకి కూడా మెసేజ్‌లు వెళ్లాయి, వీడు దొంగ అని. వాడు వారం రోజులు గదిలోంచి బయటికి రాలేదు. మేం ముగ్గురం వంతులవారీగా వాడి దగ్గర పడుకున్నాం.

గమనించండి, ఇక్కడ కూడా జరిగింది అదే. మన సగంలోని కాంటాక్టులు, బయటి సగంలోని సర్వీసు, రెండూ కలిశాయి. వరదప్పుడు కలిసి మనిషిని కాపాడాయి, ఇక్కడ కలిసి మనిషిని పట్టుకున్నాయి. టెక్నాలజీ ఒక్కటే. తేడా ఎక్కడుంది? రేవు దగ్గర మనం ఏం ఎక్కించాం అన్నదాంట్లో ఉంది. అప్పు ఇవ్వడానికి మన కాంటాక్ట్ లిస్టుతో పనేంటి? ఈ ఒక్క ప్రశ్న వాడు అడిగి ఉంటే చాలు. 2023 మే 31 నుంచి ప్లే స్టోర్‌లో ఉన్న పర్సనల్ లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు తీసుకోకూడదని గూగుల్ నిబంధన పెట్టింది. కానీ లింకు పంపి ఇన్‌స్టాల్ చేయించే యాప్‌లకి ఆ స్టోర్ నిబంధనతో పనిలేదు. కాబట్టి కాపలా మనదే. ఎవరైనా ఇలాంటి వేధింపులో ఉంటే ఒక్కళ్లే మోయకండి. సైబర్ మోసాలకి 1930 నంబరు ఉంది, ఇంట్లో చెప్పండి, ఫ్రెండ్స్‌కి చెప్పండి.

మన సమాచారం ఇవ్వకుండానే మేలు జరిగే పద్ధతి ఉందా అంటే, ఉంది. 2023లో ఒకరోజు దేశంలో చాలామంది ఫోన్లు ఒక్కసారిగా గట్టిగా మోగి, స్క్రీన్ మీద ఇది పరీక్ష మెసేజ్ మాత్రమేనని వచ్చింది, గుర్తుందా? క్లాసులో అందరూ ఉలిక్కిపడ్డారు. దాన్ని సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. టవర్ కింద ఉన్న ప్రతి ఫోన్‌కీ ఒకేసారి వెళ్తుంది. మీ నంబరు, మీ పేరు, మీ లొకేషన్ ఏదీ దానికి అక్కర్లేదు. ఊళ్లో దండోరా వేసినట్టే. దండోరా వేసేవాడు ఎవరింట్లో ఎవరున్నారో అడగడు కదా. దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

కొన్నిటికి మాత్రం మనం ఇవ్వక తప్పదు. ఆండ్రాయిడ్ భూకంప హెచ్చరికలు 2023లో మన దేశానికి వచ్చాయి. టేబుల్ మీద కదలకుండా ఉన్న ఫోన్లే నేల అదురుని పసిగడతాయి. ఒక్క ఫోన్ అదిరితే ఎవరో టేబుల్ తన్నారనుకోవచ్చు. ఒకేచోట చాలా ఫోన్లు అదిరితే అది భూకంపం. అక్కడ మనం ఇచ్చేది కొంచెం, దక్కేది ప్రాణం. ఇలాంటి బేరానికి నేను సరే అంటాను. టార్చ్‌లైట్ యాప్ కాంటాక్టులు అడిగితే మాత్రం, ఆయ్, కుదరదండీ అంటాను.

ఇవాళ రాత్రే చెయ్యాల్సిన పనులు

ఎపిసోడ్ చూసి ఊరుకోకండి. పది నిమిషాల పని.

మొదటిది, మీ మ్యాప్ యాప్‌లో కోనసీమ మొత్తం ఆఫ్‌లైన్‌గా డౌన్‌లోడ్ చేసుకోండి. రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం అన్నీ వచ్చేలా గీత పెట్టండి. అప్పుడు నెట్ పోయినా బూడిద రంగు రాదు.

రెండోది, మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. ఇంట్లో పెద్దవాళ్లు 112కి ఫోన్ చేస్తే చదివి చెప్పొచ్చు.

మూడోది, సెట్టింగ్స్‌లో పర్మిషన్ల దగ్గరికి వెళ్లి లొకేషన్ ఎవరెవరికి ఇచ్చారో చూడండి. ఎప్పుడూ అనుమతి ఉన్న యాప్‌లని యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అన్నదానికి మార్చండి. వాతావరణం యాప్‌కి మీ గుమ్మం దాకా అక్కర్లేదు, మీ ఊరు తెలిస్తే చాలు. ఇప్పటి ఫోన్లలో కచ్చితమైన లొకేషన్ ఇవ్వకుండా సుమారు లొకేషన్ ఇచ్చే వీలుంది, అది పెట్టండి.

నాలుగోది, కాంటాక్టులు ఎవరికిచ్చారో చూడండి. ఎందుకు ఇచ్చారో గుర్తురాకపోతే తీసేయండి. నిజంగా అవసరమైతే అదే మళ్లీ అడుగుతుంది.

అయిదోది, లొకేషన్ పంపేటప్పుడు కంగారుపడకుండా ప్రస్తుత లొకేషన్ అన్నదే నొక్కండి. పక్కన ఎన్ని మీటర్ల వరకు సరైనదో చూపిస్తుంది. 500 అని ఉంటే ఆరుబయటికి వచ్చి కాసేపు ఆగండి. పది, ఇరవైకి దిగాక పంపండి. లేకపోతే మా బావలాగా గుడి దగ్గర తేలతారు.

చివరగా ఒక్క మాట. ఆ మే నెలలో ఎదుర్లంక వంతెన మీద నిలబడి, నెట్ లేని ఫోన్‌లో కదిలే చుక్కని చూసినప్పుడు నాకు చిరాకూ వేసింది, ధైర్యమూ వచ్చింది. బయటి సగం ఎప్పుడైనా పోవచ్చు. కరెంటు పోవచ్చు, టవర్ పడిపోవచ్చు, ఎవరో ఆపేయొచ్చు. మన సగం మాత్రం మన జేబులో ఉంటుంది. దాన్ని ఎవరికి, ఎంత, ఎందుకు ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

మీ ఊళ్లో వానొస్తే ముందు మునిగే దారి ఏదో, మ్యాప్‌లో అది ఎలా కనబడుతుందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో అవన్నీ ఒక మ్యాప్ మీద పెట్టి చూద్దాం. ఉంటానండీ మరి, జాగ్రత్త.